రాతి పడవవాడు అడిగిన అర్థం

మణిమంతపురం కోటగోడ కంటపడేసరికి కొమ్మన కాళ్ళు వాటంతట అవే నిలిచిపోయాయి.

పన్నెండేళ్ళయింది ఆ గోడను చూసి. ఒకదానిలో ఒకటి ఒదిగిన ఏడు ప్రాకారాలు, పొద్దుటి ఎండకు పసుపు రాసిన గడపల్లా మెరిసే బురుజులు, ఏనుగు అంబారీతో సహా దూరిపోగల సింహద్వారం, కోటను వెండి మొలతాడులా చుట్టుకొని హోరుమంటూ పారే ఘోషవతీ నది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. లేనిది సుత్తుల చప్పుడొక్కటే.

ఆ నగరానికి ఒకప్పుడు కోడికూతతో తెల్లవారేది కాదు. కమ్మటం వీధి సుత్తులతో తెల్లవారేది. నాణేలు అచ్చువేసే చోటును ఆ ఊళ్ళో కమ్మటం అనేవారు. నూట ఎనిమిది ఇనుప దాగళ్ళ మీద నూట ఎనిమిది సుత్తులు ఒక్కసారిగా పడుతుంటే తల్లులు ఆ దరువుకే ఉయ్యాలలు ఊపేవారు. పెరుగు కడవలవాళ్ళు ఆ దరువుకే అడుగులు వేసేవారు. కొమ్మన తండ్రి అక్కడ ముద్రలు చెక్కేవాడు. తండ్రి తర్వాత కొమ్మన చెక్కాడు. ఒక పక్క రాజుగారి ముఖం, రెండో పక్క కెరటంలాంటి గీత వేసుకొని, వేడి వేడిగా దాగలి మీదనుంచి దూకే ఆ రాగి నాణేన్ని 'అద్దరి' అనేవారు. 'అద్దరి చేతనుంటే అడవిలోనూ అన్నమే' అని ముసలివాళ్ళ సామెత.

అటువంటి ఊరిమీదికి ధూమ్రకేశి అనే మాంత్రికుడు వచ్చిపడ్డాడు. రాజును పాతాళగృహంలో బంధించాడు. అద్దరులన్నిటినీ పోగుచేసి కరిగించాడు. వాటికి బదులు 'ధూమ్రం' అనే నల్లటి నాణెం పుట్టించాడు. ఆ ధూమ్రం ఉత్త అరచేతికి తగిలిందా, తగిలినవాడి జ్ఞాపకాల్లోంచి ఒకటి ఊడిపోతుంది. ఆ నాణేనికి ముద్ర చెక్కమని మాంత్రికుడు ఆజ్ఞాపించిన నాడే కొమ్మన తన ఉలులు నదిలోకి విసిరేసి, ఆరేళ్ళ చెల్లెలు మంకెనను వీపున కట్టుకొని అడవి పట్టాడు.

ఇన్నాళ్ళకు ఆ అడవిలోనే ఒక ముని అతనికి దారి చెప్పాడు. మొట్టమొదటి అద్దరి మీద గీత గీసిన ఇనుప శీల ఒకటి ఘోషవతికి అవతలి గట్టున ఉన్నది. దానితో ఒక్క రాగి బిళ్ళ మీద గీత గీస్తే చాలు, లోకంలో ఉన్న ధూమ్రాలన్నీ బూడిదవుతాయి. పోయిన జ్ఞాపకాలన్నీ ఎవరివి వారికి చేరుతాయి. అయితే ఘోషవతి సుడులను కర్ర పడవ దాటలేదు. దాటగలిగింది కోట వెనక రేవులో ఉన్న రాతి పడవ ఒక్కటే. దానిలో కూర్చున్న రాతిమనిషి ఎక్కినవాణ్ణల్లా ఒకే ప్రశ్న అడుగుతాడు: "అద్దరి అంటే ఏమిటి?" తప్పు చెప్పినవాణ్ణి ఎత్తి సుడిగుండంలోకి విసురుతాడు.

సరైన జవాబు తెలిసిన ప్రాణి భూమ్మీద ఒక్కతే ఉంది. కొమ్మన మేనత్త నాగసాని. ఆమె కమ్మటంలో బందీగా ఉంది.

బయలుదేరే ముందు మంకెన దారికడ్డంగా నిలబడి, చెయ్యి తలకంటే పైకెత్తి చూపించింది. "అన్నా, అత్త కనబడితే నేనింత పొడుగయ్యానని చెప్పు. ఇదిగో, ఇలా చెయ్యెత్తి మరీ చూపించు. మరిచిపోకు."

"మరిచిపోనే పిచ్చిదానా" అని నవ్వి వచ్చాడు కొమ్మన.

ఇప్పుడతను కళాయి పోసేవాడి వేషంలో ఉన్నాడు. భుజాన కొలిమితిత్తి, నడుముకు పట్టకారు, సంచిలో తగరం ముక్కలు, నవాసారం. ముఖమంతా మసి. కుడి అరచేతికి మాత్రం ఎవరికీ కనబడకుండా పలచగా తేనెమైనం పూసుకొన్నాడు.

సింహద్వారం దగ్గర కావలివాడు ఈటె అడ్డుపెట్టాడు. "ఎవడ్రా నువ్వు?"

"కళాయి పోసేవాణ్ణి దొరా. పొట్టకూటికి వచ్చినోణ్ణి."

"సమయానికి ఊడిపడ్డావు! కమ్మటంలో గంగాళం చిలుమెక్కి చచ్చింది. చింతపండు పులుసు కాస్తుంటే పచ్చగా విరిగిపోతోందట. నేరుగా అక్కడికే పో. ఇదిగో, ఏలికగారి కానుక. కుడి చెయ్యి పట్టు."

మోచేతిదాకా తోలు తొడుగు వేసుకొన్న చేత్తో వాడొక ధూమ్రాన్ని అందించాడు. ఊరికే వచ్చే డబ్బును కాదనేవాడెవడు? అందుకే మాంత్రికుడు ద్వారం దగ్గరే కానుకగా పంచుతున్నాడు. కొమ్మన దండం పెట్టి చెయ్యి చాచాడు. నాణెం మైనం మీద పడింది. చల్లగా, పాము కడుపులా జారుతున్నట్టనిపించింది. అంతకుమించి ఏమీ కాలేదు.

కొమ్మన లోపలికి అడుగుపెట్టాడు. వీధులన్నీ జనంతో నిండి ఉన్నాయి గాని, ఒకరినొకరు పలకరించుకొనేవారు లేరు. పూలంగడి మలుపులో తెల్లటి తలపాగా పెట్టుకొన్న పెద్దమనిషి ఒకాయన ఇంటి ముందు నిలబడి దారిన పోయేవాళ్ళను అడుగుతున్నాడు: "ఈ ఇల్లెవరిదండీ? చూసినట్టే ఉంది. ఎవరిదండీ?"

ఆ ఇల్లు ఆయనదే. చిన్నతనంలో ఆ అరుగు మీద కూర్చోబెట్టి కొమ్మనకు బెల్లం ముక్క పెట్టినవాడు ఆయనే. కొమ్మన తల వంచుకొని గబగబా దాటిపోయాడు.

కమ్మటం వీధి మొదట్లో మరో కావలి ఉంది. అక్కడ కానుక చూపించాలి. "పిడికిలి మూసి అక్కడ నిలబడు, తలుపు తీయించుతాను" అన్నాడు భటుడు. చూపించిన చోటు సరిగ్గా కొలిమి పొగగూటి పక్కన! లోపల ధూమ్రాలను పోత పోస్తున్నారు. గోడలోనుంచి సెగ తన్నుకొస్తున్నది. కొమ్మన పిడికిట్లో మైనం మెత్తబడసాగింది. అతను పళ్ళు బిగించాడు. తలుపు గడియ కిర్రుమంది, ఆగింది, మళ్ళీ కిర్రుమంది. మైనం జారి వేళ్ళ సందుల్లోకి వచ్చింది.

చటుక్కున చెయ్యి విదిలించాడు. నాణెం రాతిమీద పడి గిరగిర తిరిగింది. కాని చింతగింజంత మేర అది చర్మాన్ని తాకనే తాకింది.

ఏం పోయింది? కొమ్మన తల పట్టుకొని వెతుక్కొన్నాడు. తన పేరుంది. తండ్రి పేరుంది. అత్త ఉంది, అడవి ఉంది, ముని మాట ఉంది, రాతి పడవ ఉంది. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. పోయిందేదో తెలియకపోవడానికే భయం వేసింది. అంతలో తలుపు తెరుచుకొంది. భటుడు "లోపలికి నడువ్" అని గద్దించి, కిందపడ్డ నాణెం తీయడానికి వంగాడు.

కమ్మటం లోపల దాగళ్ళన్నీ దుమ్ముకొట్టుకొని పడి ఉన్నాయి. తండ్రి కూర్చొనే పీట ఒక మూల తలకిందులుగా ఉంది. మధ్య సాలలో మనిషి ఎత్తు గంగాళం, కింద మంట, పక్కన ఎత్తయిన తిన్నె మీద నిలబడి పొడుగాటి తెడ్డుతో చింతపండు పులుసు కలుపుతున్న ముసలామె. ఆ పులుసులో మునిగితే తప్ప ధూమ్రానికి మెరుపు రాదు. మెరుపు లేనిదే జనం దాన్ని డబ్బని నమ్మరు. ఆ పాకం నాగసానికి తప్ప మరొకరికి తెలియదు. అందుకే పన్నెండేళ్ళుగా ఆమె చేతికి ఒక్క ధూమ్రమైనా తగలనివ్వలేదు; పాకం మరిచిపోతుందని భయం.

కొమ్మన తిత్తి దించి, పట్టకారు తీశాడు. నాగసాని తెడ్డు ఆపింది.

"పట్టకారు ఎడమచేత్తో పట్టేవాణ్ణి ఈ ఊళ్ళో ఒక్కణ్ణే ఎరుగుదును" అంది మెల్లగా. "ఒరే కొమ్మా! ఎంత చిక్కిపోయావురా!"

"అత్తా!" అన్నాడు కొమ్మన. ఆమె పాదాలు ముట్టుకొంటే చింతపండు వాసన, పొగ వాసన. చిన్నప్పుడు ఆ చీరకుచ్చెళ్ళలో దాక్కుంటే వచ్చిన వాసనే.

ఆమె తిన్నె దిగి అతని ముఖంలోని మసి కొంగుతో తుడిచింది. "పిల్ల ఏదిరా? మంకెన? ఎంత పొడుగయింది?"

"మంకెన ఎవరత్తా?" అన్నాడు కొమ్మన.

నాగసాని చెయ్యి అతని చెంప మీదే ఆగిపోయింది. అతని కుడి అరచెయ్యి తెరిచి చూసింది. మధ్యలో చింతగింజంత నల్లమచ్చ. ఆమె కంట నీరు రానివ్వలేదు.

"ఎవరో ఒకర్లే" అంది. "పనయ్యాక మాత్రం అడవి దారినే వెళ్ళు నాయనా. మరే దారీ పట్టకు. అడవి దారి. గుర్తుంటుందా?"

"ఉంటుందత్తా. రాతిమనిషికి ఏం చెప్పాలో అది చెప్పు. పొద్దెక్కుతోంది."

ఆమె మళ్ళీ తెడ్డందుకొంది. బయటివాళ్ళకు పని సాగుతున్న చప్పుడు వినబడాలి. కలుపుతూనే చెప్పసాగింది.

"మూడు వందల ఏళ్ళ కిందట ఈ గట్టున కోటా లేదు, రాజూ లేడు. నాలుగు పల్లెలుండేవి. ఉత్తరాన్నుంచి దొంగల దండొచ్చి వాటిని తగలబెట్టింది. జనం కట్టుగుడ్డలతో ఏటి ఒడ్డుకు పరుగెత్తారు. అక్కడ పోలడని ఒక పడవవాడు. రేయనక పగలనక అందరినీ ఆవలికి చేరేశాడు. కూలి అడగలేదు. ఆ గట్టున వాడి పెళ్ళాం ఎల్లి గంజి కాచి పోసేది. ఎంత కాచినా చాలేది కాదు. గట్టివాళ్ళు తోసుకొచ్చి రెండేసిసార్లు తాగేవాళ్ళు. ముసలివాళ్ళకీ చంటిబిడ్డ తల్లులకీ కుండ అడుగే మిగిలేది. అప్పుడు పోలడేం చేశాడో తెలుసా? ఇంట్లో ఉన్న ఒక్క రాగి బిందె ముక్కలుగా కోశాడు. పడవ శీల ఒకటి తీసుకొని ఒక్కో ముక్క మీద కెరటంలా గీత గీశాడు. పడవెక్కిన ప్రతివాడి చేతిలో ఒకటి పెట్టి, 'ఇది నీ అద్దరి. అద్దరిని చూపించు. అక్కడ నీ పేర ఒక ముంత గంజి ఎత్తిపెట్టి ఉంటుంది' అన్నాడు."

"అదా అద్దరంటే!" అన్నాడు కొమ్మన. తన చేతులతో ఎన్ని వేలసార్లు చెక్కాడు ఆ గీతను! అది కెరటమని తెలుసు గాని, ఎవరి ఆకలో తెలియలేదు.

"దండు పోయింది. జనం తిరిగొచ్చారు. ముక్కలు మాత్రం ఎవరూ పారెయ్యలేదు. అది చూపిస్తే ఏ ఇంట్లోనైనా ఇంత పెట్టేవారు మరి. తరవాత్తరవాత మేకనిచ్చి పుచ్చుకొన్నారు, గుడ్డనిచ్చి పుచ్చుకొన్నారు. రాజులొచ్చి తమ మొహాలు వేయించుకొన్నారు. వాళ్ళకి గంజి కథ నచ్చుతుందట్రా? పండితులొచ్చి అద్రి అన్నారు, కొండలో రాగి అన్నారు, ఆదరం అన్నారు. మన ఇంట్లో ఆడవాళ్ళం మాత్రం ఒకరి చెవిలో ఒకరం చెప్పుకొంటూ వచ్చాం."

"మరి పోలడు రాయెందుకయ్యాడత్తా?"

"ఆఖరి తడవకి తనకోసం ఉంచుకొన్న ముక్కొక్కటే మిగిలింది. గట్టు మీద చచ్చిన తల్లి పక్కన పసిపిల్ల ఏడుస్తోంది. ఆ ముక్క పిల్ల మొలకి కట్టేశాడు. పిల్లని ఆవల దించి, ఇంకెవరైనా మిగిలారేమోనని మళ్ళీ ఈ గట్టుకే వచ్చాడు. ఎవరూ లేరు. 'ముక్క లేనోడికి ముంత లేదని నేనే చెప్పి నేనే తప్పుతానా' అని పడవలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాయైపోయాడు. ఆ పసిపిల్లే మన మూలపుటమ్మ."

నాగసాని కొప్పులో వేళ్ళు దూర్చి, తలనూనెకు నల్లబడిన చిన్న రాగి ముక్క తీసింది. రాజు ముఖం లేదు. వంకరటింకర గీతొక్కటే ఉంది. అతని మొలలో దోపింది.

సరిగ్గా అప్పుడే తలుపులు ధడాలున తెరుచుకొన్నాయి. దండనాయకుడు భల్లటుడు! వెనక పదిమంది భటులు. వాడి తోలు తొడుగులో కొమ్మన పారేసిన ధూమ్రం. దానికి అంటుకొన్న మైనంలో అరచేతి గీతలు అచ్చుపడి ఉన్నాయి.

"మైనం పూసుకొచ్చిన మొనగాడెవడు? పట్టుకోండి!"

నాగసాని తెడ్డును గంగాళం కిందికి దూర్చి మీదికెత్తింది. మనిషెత్తు గంగాళం ఒరిగి, కుతకుతమంటున్న పులుసు భటుల కాళ్ళను ముంచెత్తింది. భటులు కేకలు పెడుతూ తిన్నెలెక్కారు. "తూములోకి దూకరా! ఏట్లోకి పోతుంది!" అని ఆమె అతన్ని ఒక్క తోపు తోసింది. మడ్డినీళ్ళు పోయే రాతి తూము నోట్లో కొమ్మన సగం దిగి, ఆమె చెయ్యి పట్టి లాగబోయాడు. ఆలస్యమైపోయింది. భల్లటుడు కోపంలో పాకం మాటే మరిచి ఆమె మణికట్టు పట్టుకొని, వేలు వెంబడి వేలు విప్పి, గుప్పెడు ధూమ్రాలు ఆమె అరచేతిలో కుక్కి మూసేశాడు.

ఆమె కళ్ళు కొమ్మన మీదే ఉన్నాయి. దీపం మీద బుట్ట బోర్లించినట్టు ఆ కళ్ళు మసకబారాయి.

"ఎవరబ్బాయీ నువ్వు?" అంది నాగసాని. "అక్కడ పాచి పట్టి ఉంటుంది. జారిపడతావు, జాగ్రత్త నాయనా!"

కొమ్మన పట్టు వదిలేశాడు.

చీకటి తూము అతన్ని గింగిరాలు తిప్పుకొంటూ మింగి, కోట వెనక ఎండలోకి ఉమ్మేసింది. ఘోషవతి అందుకొంది. మూడు మునకలు వేసి తేలేసరికి ఎదుట మొసలి నోరు తెరిచింది! పట్టకారు దాని దవడల మధ్య నిలువునా గుచ్చి, దాని వీపు మీదనుంచే రేవు మెట్ల మీదికి గెంతాడు. కోటగోడ మీద కొమ్ముబూరలు మోగాయి. గుర్రాల డెక్కల చప్పుడు రేవు దారి పట్టింది. ధూమ్రకేశి మేడ పొగగూట్లోంచి నల్లటి పొగ లేచి, ఆకాశంలో రెక్కలు విప్పి, ఏనుగంత డేగ అయింది.

రేవు చివర నాచు పట్టిన రాతి పడవ. దానిలో గడ పట్టుకొని తల వంచుకొన్న రాతిమనిషి. పడవ చుట్టూ నీళ్ళలో పండితుల ఉత్తరీయాలు, వాళ్ళ తాటాకు పుస్తకాల ముక్కలు తేలుతున్నాయి. కొమ్మన ఒక్క దూకు దూకి లోపల పడ్డాడు. రాతి కనురెప్పలు గరగరమంటూ లేచాయి.

"అద్దరి అంటే ఏమిటి?"

కొండ లోపలినుంచి వచ్చినట్టుంది ఆ గొంతు. రాతిచెయ్యి అతని మెడను పట్టుకొంది.

"అవతలి గట్టు" అన్నాడు కొమ్మన, ఊపిరాడక.

"అది మాట. జాలర్లు కూడా చెప్పారు. అర్థం చెప్పు." చెయ్యి బిగిసింది.

"అన్నీ పోగొట్టుకొన్నవాడి పేర అవతల ఎత్తిపెట్టిన ముంత గంజి! గట్టివాడికి రెండు రాకుండా, లేనివాడికి ఒకటి తప్పకుండా... రాగి బిందె కోసి, పోలడనే పడవవాడు ఇచ్చిన మాట!"

చెయ్యి వదులైంది. అయితే పడవ కదలలేదు. రాతిమనిషి మళ్ళీ తల వంచుకోబోయాడు. గుర్రాలు రేవు మెట్ల మీదికి వచ్చేశాయి. బాణం ఒకటి కొమ్మన చెవి పక్కగా దూసుకుపోయింది. అప్పుడతను మొలలోని ముక్క తీసి, తెరిచి ఉన్న ఆ రాతి అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"పోలన్నా, ఇది నీదే. నువ్వు ఆ పసిదానికి కట్టింది. ఆ బిడ్డ బతికింది. దాని పిల్లలం మేమందరం బతికాం. నీ ముంత నీకోసం ఉంది. లే, పోదాం."

రాతి ముఖం మీద జానెడు పగులు విచ్చింది. దానిలోంచి మనిషి చర్మం కనబడింది.

"ఆకలేస్తోందిరా" అన్నాడు పోలడు, మూడు వందల ఏళ్ళ తర్వాత.

గడ అడుగుకు తగిలింది. రాతి పడవ బెండులా తేలి ప్రవాహంలోకి దూసుకుపోయింది. వెనక రేవులో భల్లటుడి కేకలు. పై నుంచి రెక్కల నీడ పడవ మీద పడి నీళ్ళు నల్లబడ్డాయి. ఎదుట తాటిచెట్టంత లోతు సుడిగుండం నోరు తెరిచింది. పోలడు గడను రెండు చేతులా ఎత్తి, ఒక పోటు సుడికి, ఒక పోటు డేగ గోళ్ళకు! ఊడిన ఈకలు పొగలై కొమ్మన కళ్ళను మండించాయి. ఆ మంటలోనే, పొగమంచు చీలి, అవతలి గట్టు కనబడింది.

అక్కడ ఒక పొయ్యి వెలుగుతున్నది. దాని పక్కనుంచి ఆడగొంతు ఒకటి నీళ్ళ హోరును దాటుకొని వచ్చింది.

"ఎంతమంది వస్తున్నార్రా?"

పోలడు గడ తిప్పుతూనే కొమ్మన వైపు చూశాడు. కొమ్మన వెనక్కి తిరిగి మణిమంతపురం బురుజులను చూశాడు. తనదే అయిన ఇంటి ముందు నిలబడ్డ పెద్దమనిషిని, తెడ్డు పోగొట్టుకొన్న ముసలామెను, పేరు తెలియని ఇంకెవరినో తలచుకొన్నాడు. డేగ మళ్ళీ రెక్కలు ముడిచి దిగుతున్నది.

పడవ అంచు పట్టుకొని నిలబడి, రొమ్ము పగిలేలా అరిచాడు.

"ఊరంతా వస్తారమ్మా! పొయ్యి ఆర్పకు!"